బీట్‌రూట్ సూపు, చెప్పనివ్వని ఒక్క మాట

బీట్‌రూట్ సూపు మంచిదే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. కింద రాసినదంతా చదివి, ఈవిడకు బీట్‌రూట్ అంటే గిట్టదని ఎవరూ అనుకోవద్దు. నాకు గిట్టనిది దుంప కాదు, దాన్ని పట్టుకుని మా పైవాళ్లు చేసిన పని.

నేను హోమ్ సైన్స్ చదివాను. తొంభైల మొదట్లో బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో గర్భిణుల, పిల్లల తిండి సంగతి చూసే సూపర్‌వైజరుగా చేరాను. రెండు వేలు దాటాక కూడా చాలా ఏళ్లు ఆ ఊళ్లే తిరిగాను. ఇప్పుడు ఈ పనిలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మీ అనుభవాలు చెప్పండి మేడం అంటారు. చెప్పడం మొదలుపెట్టగానే వాళ్ల మొహాలు వాడిపోతాయి. అందుకే రాస్తున్నాను. రాస్తే మొహాలు చూడాల్సిన పని లేదు.

ఏ సంవత్సరంలో ఏ హోదా వచ్చిందో, ఎన్ని రిపోర్టులు పంపానో ఇందులో రాయను. వాటివల్ల ఎవరి ఆకలీ తీరలేదు.

సూపులో ఉన్నది, లేనిది

ముందు పాఠం చెప్తాను, ఎందుకంటే ఇది కూడా సరిగా తెలియనివాళ్లు ఈ ఉద్యోగంలో చాలామంది ఉన్నారు.

బీట్‌రూట్‌లో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కడుపుతో ఉన్న మనిషికి అది బాగా అవసరం. పీచు ఉంటుంది, పొటాషియం ఉంటుంది. రక్తనాళాలను కాస్త సడలించే గుణం ఉంది కాబట్టి బీపీ ఉన్నవాళ్లకూ మేలే. ముక్కలు ఉడికించి నీళ్లు పారబోస్తే సారంలో చాలా భాగం మోరీలో కలుస్తుంది. సూపులో ఆ నీళ్లు కూడా కడుపులోకే పోతాయి. అందుకని కూరకంటే సూపు నయం. మేం చేసే పద్ధతి ఇదీ: చెక్కు తీసి, ముక్కలు కోసి, మెత్తగా ఉడికించి, అదే నీళ్లతో మెదిపి, ఉప్పు, మిరియాల పొడి, జీలకర్ర వేసి, దించాక నిమ్మకాయ పిండాలి.

నిమ్మకాయ రుచికోసం కాదు. బీట్‌రూట్‌లో ఇనుము ఉంది గానీ, రంగు చూసి మనం అనుకునేంత లేదు. ఆ ఉన్న కాస్తయినా ఒంటికి పట్టాలంటే పులుపు తోడు కావాలి. తాగిన వెంటనే చాయ్ తాగితే అదీ పట్టదు. మా వైపు సూపు గ్లాసు కింద పెట్టి చాయ్ గ్లాసు అందుకోని మనిషిని నేను చూడలేదు, మా ఆఫీసులో వాళ్లతో సహా. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడిగి తాగాలి. ఇంకో సంగతి, దుంపకంటే దాని ఆకులోనే సారం ఎక్కువ. మేం ఆకును కోసి బర్రెలకు వేసి, దుంపను గర్భిణులకు పెట్టాం.

రక్తం బాగా తగ్గిపోయిన మనిషికి సూపు మందు కాదు. ఆమెకు మాత్రలు కావాలి. ఇంకా తగ్గితే దవాఖానలో రక్తం ఎక్కించాలి. సూపు వాటికి తోడుండే తిండి, అంతే. ఇది చెప్పడానికి నాకు కాసేపు చాలు. మా ఆఫీసుకు వినిపించడానికి మాత్రం ఉద్యోగం మొత్తం సరిపోలేదు.

ఎరుపు మీద మోజు

అప్పటి మా ఆఫీసరు పేరు రాయను. చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, ఆడవాళ్లతో మర్యాదగా మాట్లాడతాడు. కానీ ఆయనకు పని జరగడం కంటే పని కనిపించడం ముఖ్యం. ఈ రకం మనుషులు లంచగొండులకంటే ప్రమాదమని నాకు ఆలస్యంగా తెలిసింది. లంచగొండి మన పనికి అడ్డు రాడు, తన పని చూసుకుంటాడు.

రక్తహీనత మీద ఏం చెప్పాలో ఆలోచించి రమ్మంటే నేను తోటకూర, గంగవాయిలి కూర, పుంటికూర (గోంగూర), పల్లీలు, బెల్లం అని చెప్పాను. అన్నీ ఊళ్లో దొరికేవే. గంగవాయిలి కూరయితే చేన్లో ఊరికే మొలుస్తుంది.

"అవన్ని ఇండ్లల్ల తినేటివే కదమ్మా, మనం కొత్తగ చేసిందేముంది?" అన్నాడాయన. "తోటకూర ఫొటోల నల్లగ పడ్తది. గీ బీట్‌రూట్ చూడు, చూడంగనే రక్తం అన్నట్టుంటది."

రక్తం అన్నట్టుంటుంది. ఆ ఒక్క కారణంతో మా పరిధిలోని ఊళ్లన్నిటికీ బిచ్కుంద అంగడి నుంచి సంచులకొద్దీ బీట్‌రూట్ వచ్చింది. అప్పట్లో ఇనుము మాత్రలు సరిగా అందడం లేదు. వాటికోసం గట్టిగా అడగాల్సిన ఆఫీసరు మీటింగులో, "మాత్రలు లేకపోతేంది, సూపుంది కదా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనున్నవాళ్లు తలలూపారు.

నెత్తురంతా పోయిందన్న అత్త

సూపు మొదలైన కొన్నాళ్లకే బిచ్కుంద వైపు ఒక ఊళ్లో ఆడవాళ్లు తాగడం మానేశారు. ఏమైందో కనుక్కుందామని వెళ్లాను. ఒక పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకుని, మేం సూపు పోసే అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చి నన్ను నిలదీసింది.

"మా కోడలుకు ఒంటికి పోతే ఎర్రగ పోతుంది మేడం. మీరు తాపిన నెత్తురంత అట్లనే పాయె. ఉన్నది గూడ పోతుందేమో అని మాకు ఫికరైతుంది."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆవిడ భయంలో తప్పేమీ లేదు. బీట్‌రూట్ తిన్న కొంతమందికి మూత్రం ఎర్రగా వస్తుంది. ఒంట్లో ఇనుము తక్కువ ఉన్నవాళ్లలో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. అంటే రక్తం లేదని మేం ఎవరికి సూపు పోస్తున్నామో, సరిగ్గా వాళ్లకే ఈ ఎరుపు కనిపిస్తుంది. వాళ్లు భయపడి మానేస్తారు.

అక్కడే కూర్చుని వాళ్లకు అర్థమయ్యేలా రెండు మాటలు తయారుచేసుకున్నాను. మొదటిది: "బీట్‌రూట్ తాగినంక ఒంటికి పోతే ఎర్రగ కనవడ్తది. ఒకటి రెండు దినాల్ల అదే తగ్గుతది. భయపడొద్దు." రెండోది: "కాని బట్ట మీద మరక వడితే అది బీట్‌రూట్ కాదు, నెత్తురే. నొప్పి లేకున్నా సరే, కొద్దిగనే అయినా సరే, ఎంటనే దవాఖానకు పోవాలె."

పెద్దావిడ రెండూ విని, "గట్లనా, మరి ముందుగాల చెప్పొద్దా" అని కోడలి చేత నా ఎదుటే సూపు తాగించింది. ఆ ఊళ్లో మళ్లీ గొడవ రాలేదు.

నేను మురిసిపోయి ఇదంతా ఆఫీసు మీటింగులో చెప్పాను. అన్ని కేంద్రాల్లోనూ ఈ రెండు మాటలూ చెప్పిద్దామన్నాను. ఆఫీసరుకు మొదటి మాట నచ్చింది.

"మొదటిది చాలమ్మా. రెండోది చెప్తే ఎవరు తాగుతరు? భయం మనమే పుట్టిచ్చినట్టైతది."

"సార్, మొదటిదొక్కటే చెప్తే నిజంగా నెత్తురు పోయినా బీట్‌రూటే అనుకుంటారు."

"నీకన్నీ అపశకునాలే కనవడ్తయి" అన్నాడు. తోటి సూపర్‌వైజర్లు ఆయనకోసం నవ్వారు. కేంద్రాల్లో మొదటి మాట ఒక్కటే చెప్పాలని ఆ రోజే తీర్మానమైంది.

నేను వెళ్లిన చోటల్లా రెండూ చెప్తూనే ఉన్నాను. నేను వెళ్లని చోట ఏం చెప్పారో నాకు తెలియదు.

కాలువ కింది ఊరు

కోటగిరి దారిలో నిజాంసాగర్ కాలువ కింద ఒక ఊరుంది. అక్కడి కేంద్రం నడిపే టీచరు సులోచన. భర్త పోయాక బీడీలు చుట్టి పిల్లను పెంచుకుంటూ పదో తరగతి పాసై ఈ పనిలో చేరిన మనిషి. మాట తక్కువ, పని శుభ్రం. ఆ ఊళ్లో సూపు మొదలుపెట్టే రోజు జిల్లా నుంచి పెద్దలు వస్తున్నారని ఆఫీసరు తనే వచ్చి మాట్లాడతానన్నాడు. నన్ను సూపు వండించడానికి రమ్మన్నాడు.

అవి నాట్ల రోజులు. ఆడవాళ్లు పొద్దున్నే మడుల్లోకి పోవాల్సినవాళ్లు. పెద్దల జీపు వచ్చేదాకా వాళ్లను కూర్చోబెట్టాం. వాళ్లలో గంగమణి ఉంది. తొలిచూలు, ఎనిమిదో నెల. తల్లి లేని పిల్ల, అందుకని కాన్పు అత్తింట్లోనే. అత్త సాయవ్వ నాటు వేయనివ్వదు గానీ, ఇంట్లో ఒక్కతే ఉండలేక గంగమణి మడి గట్టున కూర్చుని నారు కట్టలు అందించేది. మనిషి పాలిపోయి ఉంది. కనురెప్ప లాగి చూశాను, తెల్లగా ఉంది. మాత్రలు అందుతున్నాయా అని అడిగాను.

"వస్తలేవు మేడం. సూపు తాగుమన్నరు" అంది.

జీపు వచ్చింది. ఆఫీసరు గంగమణిని ముందుకు పిలిచి, గ్లాసు తన చేత్తో ఇచ్చి, ఫొటో తీయించాడు. తర్వాత అందరివైపు తిరిగి, "ఇది తాగితే ఎర్రగ పోతది. అది బీట్‌రూటే. ఎవ్వరు భయపడకుండ్రి, నేను చెప్తున్న కదా" అన్నాడు.

నేను గరిటె పక్కన పెట్టి, "ఇంకొక మాట" అన్నాను.

"మేడం, సూపు చల్లారుతుంది, ముందు వడ్డించుండ్రి" అన్నాడాయన నవ్వుతూ. వచ్చిన పెద్దలు కూడా నవ్వారు. ఆ నవ్వుల్లో నా మాట కొట్టుకుపోయింది. వడ్డన కాగానే అందరికీ చాయ్ ఇచ్చారు.

నన్ను కూడా అదే జీపులో ఎక్కమన్నారు. ఎక్కేముందు సులోచన చెవిలో రెండో మాట చెప్పి, ఇంటింటికీ తిరిగి చెప్పమన్నాను. అప్పటికే గంగమణి, ఇంకొంతమంది మడుల్లోకి వెళ్లిపోయారు. సులోచన ఉన్నవాళ్లకు చెప్పింది. మిగతావాళ్ల ఇళ్లకు మర్నాడు పోదామనుకుంది. మర్నాడు టీచర్లందరూ బాన్సువాడ రావాలని ఆఫీసరు కబురు పెట్టాడు. సూపు కార్యక్రమం మీద ప్రదర్శన ఉందట, అట్టల మీద బీట్‌రూట్ బొమ్మలు అతికించాలట. ఆ పని వరుసగా కొన్ని రోజులు సాగింది.

గంగమణి

కేంద్రంలో ఆయా పోస్తుంటే గంగమణి సూపు మానకుండా తాగింది. ఎర్రగా పోయింది. భయపడలేదు, చెప్పారు కాబట్టి. ఆ రోజుల్లోనే, సులోచన ఇంకా బాన్సువాడ పనిలో ఉండగానే, బట్ట మీద మరక కనిపించింది. నొప్పి లేదు. అత్తకు చెప్పింది. అత్త, "పెద్దసారు చెప్పిండు గదా బిడ్డా, ఫికర్ చేయకు" అంది. మరక దానంతట అదే ఆగిపోయింది. దాంతో ఇద్దరికీ ఆ సారు మాట మీద నమ్మకం ఇంకా గట్టిపడింది.

తర్వాత ఒక మధ్యాహ్నం మడి గట్టు మీద కూర్చున్న మనిషికి ఒక్కసారిగా రక్తం పోయింది. ట్రాక్టరులో బాన్సువాడ తెచ్చారు. అక్కడి డాక్టరమ్మ చూడగానే జీపు మాట్లాడి నిజామాబాద్ పంపించింది. ఆపరేషన్ చేశారు. మరిది, ఇంకెవరో బంధువు రక్తం ఇచ్చారు. గంగమణి బతికింది. కడుపులో మగపిల్లవాడు బతకలేదు.

మాయ గర్భసంచి మూతికి అడ్డంగా, కిందికి ఉన్న కేసు అని బాన్సువాడ డాక్టరమ్మ తర్వాత నాకు చెప్పింది. అలాంటప్పుడు మొదట కొంచెం రక్తం కనిపిస్తుంది, నొప్పి ఉండదు, దానంతట అదే ఆగుతుంది. అదే హెచ్చరిక. ఆ రోజే వస్తే దవాఖానలో ఉంచుకుని, బిడ్డను కూడా దక్కించడానికి అవకాశం ఉండేదంది.

నేను నిజామాబాద్ వెళ్లాను. వార్డు బయట సాయవ్వ నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"మొదటి దినమే బట్ట మీద చూసినం మేడం. బీట్‌రూట్ అనుకొని పిండి ఆరేసినం" అంది. మళ్లీ తనే, "సారు అబద్ధం చెప్పిండా?" అని అడిగింది.

"అబద్ధం కాదు అవ్వా, సగం చెప్పిండు."

"మరి తక్కిన సగం ఎవ్వరికోసం దాచిపెట్టిండు?"

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నా వైపు చూడను కూడా లేదు.

విచారణ

ఊరివాళ్లు గొడవ చేశారు కాబట్టి విచారణ జరిగింది. లేకపోతే అదీ ఉండేది కాదు. జిల్లా నుంచి ఒకావిడ వచ్చి కేంద్రంలో కూర్చుంది. మా ఆఫీసరు చాలా మెత్తగా, "చెప్పాల్సిన జాగ్రత్తలు కేంద్రంల టీచర్ చెప్పలేదు మేడం" అన్నాడు.

నేను లేచి, ఆ జాగ్రత్త చెప్పొద్దని మీటింగులో అన్నది ఆయనే అన్నాను. ఇంకెవరు విన్నారని ఆవిడ అడిగింది. ఆ రోజు నవ్విన సూపర్‌వైజర్లు అక్కడే ఉన్నారు. ఒకామె చీరకొంగు సర్దుకుంది. ఒకామె కిటికీలోంచి బయటికి చూసింది. అందరూ మంచివాళ్లే, నాతో కలిసి అన్నం తిన్నవాళ్లే. ఆ రోజు తర్వాత వాళ్లెవరితోనూ నేను మనసు విప్పి మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ కోపం పోలేదు, పోవాలని నాకు లేదు కూడా.

సాయవ్వను పిలిచారు. "భయపడొద్దని మీకు ఎవరు చెప్పారమ్మా?" అని అడిగింది జిల్లా ఆవిడ.

"గీ సారే. నా కోడలుకు చేతితోని గ్లాసిచ్చి చెప్పిండు."

"నువ్వు బాధలో ఉన్నావు, కూర్చో" అన్నారు.

సులోచనను తీసేశారు. నన్ను పిలిచి, పైఅధికారి మీద అలా మాట్లాడకూడదని మందలించారు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే సులోచన చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరిస్తూనే మాట్లాడింది.

"మీరు చెప్పింది నాకు యాదికుండె మేడం. పోయి చెప్పే లోపట సారు పిలిపిచ్చిండు. గా దినాలల్ల నేనేడ ఉన్ననో ఒక్కరన్న అడుగలే."

నిజమే, ఎవరూ అడగలేదు. ఆమె ఆ రోజుల్లో ఆఫీసరు ఎదురుగానే కూర్చుని అట్టల మీద బొమ్మలు అతికించింది.

ఇంత జరిగాక రెండో మాట కూడా చెప్పమంటారని నేను ఆశపడ్డాను. చూడండి నా అమాయకత్వం. తర్వాతి మీటింగులో ఆఫీసరు, ఇకమీదట ఎరుపు గురించి కేంద్రాల్లో ఎవరూ ఏమీ మాట్లాడొద్దన్నాడు. చేర్చాల్సిన మాట చేర్చకుండా, ఉన్న మాట కూడా తీసేశారు. ఆడవాళ్లు మళ్లీ భయపడి సూపు మానేశారు. బీట్‌రూట్ సంచుల్లోనే కుళ్లింది. ప్రదర్శన మాత్రం బాగా జరిగిందని ఆయనకు పేరొచ్చింది, కోరుకున్న చోటికి బదిలీ కూడా అయింది. గంగమణి గ్లాసు పట్టుకున్న ఫొటో ఆ ప్రదర్శనలో ఉందని విన్నాను. నేను వెళ్లలేదు.

అమ్మాయిలూ, మీకు ట్రైనింగులో తిండి గురించి చెప్తారు. మంచి జరుగుతుందని చెప్పేటప్పుడు, ఎక్కడ మంచి ఆగిపోతుందో కూడా అదే నోటితో, అప్పుడే చెప్పాలి. తర్వాత చెప్దామనుకుంటే మిమ్మల్ని బొమ్మలు అతికించడానికి పిలుస్తారు. పైవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. సూపు చల్లారితే చల్లారనివ్వండి. ఇలా చెప్తే ఉద్యోగంలో పైకి వస్తారా అంటే రారు. నేను రాలేదు.

మళ్లీ ఆ ఊళ్లో

రెండు వేల తర్వాత ఆఫీసర్లు మారారు. ఒకాయనకు రాగి జావ మీద మోజు, ఇంకొకాయనకు మొలకల మీద. తిరిగి తిరిగి బీట్‌రూట్ కూడా వచ్చింది. ఈసారి మాత్రలు అందుతున్నాయి. నేను పెద్దదాన్నయ్యాను, నా నోటికి ఎవరూ అడ్డు రావడం లేదు. కాలువ కింది ఊళ్లో కొత్త టీచరుతో సూపు వండించి, ఆడవాళ్లను కూర్చోబెట్టి, రెండు మాటలూ నేనే స్పష్టంగా చెప్పాను. రెండోది రెండుసార్లు చెప్పాను.

వెనక వరుసలో గంగమణి కూర్చుని ఉంది. ఇన్నేళ్లకు మళ్లీ కడుపు నిలిచింది. పక్కన సాయవ్వ. ఒకసారి ఆపరేషన్ అయిన మనిషికి మాయ మళ్లీ కిందికి ఉండే ప్రమాదం ఎక్కువ. అది నాకు తెలుసు, నిజామాబాద్ డాక్టరు వాళ్లకు కూడా చెప్పాడట.

గ్లాసు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నిమ్మకాయ పిండాను, మంచిది, తాగు అన్నాను. గంగమణి గ్లాసు వైపు చూసింది గానీ చేయి చాపలేదు.

"మంచిదే అని ఎర్కనే మేడం. కాని నేను తాగ" అంది.

"నేనిప్పుడు రెండూ చెప్పాను కదా గంగమణీ, ఏది బీట్‌రూటో, ఏది నెత్తురో."

"చెప్పిండ్రు. నేను ఇన్న. గని గీ తొమ్మిది నెలలు నాకు ఎర్రగ ఏది కనవడ్డా అది నెత్తురే కావాలె మేడం. ఇంకోటి అనుకునే సందు నాకు ఉండొద్దు."

సాయవ్వ తల వంచుకుని కూర్చుంది. కొత్త టీచరు ఏదో నచ్చజెప్పబోతే నేను ఆపాను. గ్లాసు వెనక్కి తీసుకుని, ఆమె చేతిలో బెల్లం, పల్లీల పట్టి పెట్టాను.